వై-ఫై కనిపెట్టింది సినిమా నటేనా?

గీదంలో మా పక్కింటి కుర్రాడు మొన్న సెల్‌ఫోన్‌లో ఒక మెసేజ్ చూపించాడు. వై-ఫై కనిపెట్టింది హాలీవుడ్ నటి హెడీ లమార్ అని అందులో ఉంది. "నిజమేనా అంకుల్?" అని అడిగాడు. నేను రక్షణ శాఖ అకౌంట్స్‌లో పని చేసి రిటైరైన వాణ్ణి. వోచర్ లేకుండా బిల్లు పాస్ చెయ్యను. ఇదీ అలాగే చూద్దాం.

హెడీ 1914లో వియన్నాలో యూదు మూలాలున్న కుటుంబంలో పుట్టింది. 1933లో వచ్చిన 'ఎక్‌స్టసీ' అనే చెక్ సినిమాలో నగ్నంగా కనిపించడం పెద్ద గొడవయ్యింది. అదే ఏడు ఆయుధాల వ్యాపారి ఫ్రిట్జ్ మాండల్‌ని పెళ్లి చేసుకుంది. 1937లో అతణ్ణి వదిలి పారిపోయి, ఎం.జి.ఎం. అధిపతి లూయీ మేయర్ దగ్గర కాంట్రాక్టు సంపాదించింది. 'అల్జీర్స్' (1938)తో స్టార్ అయ్యింది. 'శాంసన్ అండ్ డెలైలా' (1949) పెద్ద హిట్. 1958తో ఆమె సినిమాలు ఆగిపోయాయి. స్టూడియో ఆమె అందాన్నే అమ్ముకుంది, తెలివిని పట్టించుకోలేదు.

ఇక వోచర్. 1942 ఆగస్టు 11న ఆమెకీ, సంగీతకారుడు జార్జ్ యాంటైల్‌కీ కలిపి అమెరికా పేటెంట్ వచ్చింది. నంబరు 2292387. రేడియోతో నడిపే టార్పెడో సిగ్నల్‌ని శత్రువు చెడగొట్టకుండా, పంపేవాడూ అందుకునేదీ ఒకేసారి ఫ్రీక్వెన్సీ మార్చుకుంటూ పోవాలి. పియానో మెట్లలాగే 88 ఫ్రీక్వెన్సీలు. తనంతట తానే వాయించే పియానోలో ఉండే చిల్లుల కాగితం చుట్టలతో రెండు వైపులా జత కుదర్చాలి. ఇంతవరకూ సందేహం లేదు.

అయితే ఫ్రీక్వెన్సీ మార్చే ఆలోచన అంతకు ముందే ఉంది. విల్లెం బ్రూర్‌ట్యెస్ అనే ఆయనకి 1932లోనే అమెరికా పేటెంట్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీ హెడీ పద్ధతిని వాడలేదు. 1959లో పేటెంట్ గడువు తీరిపోయింది. 1997 నాటి మొదటి వై-ఫై ప్రమాణంలో ఫ్రీక్వెన్సీ మార్చడం ఒక పద్ధతిగా ఉంది కానీ, తరువాతి వై-ఫై వేరే పద్ధతుల్లోకి వెళ్లింది. బ్లూటూత్ మాత్రం ఇప్పటికీ అలా మారుస్తూనే పని చేస్తుంది. 'కనిపెట్టింది' అనే మాటకి ఇది చాలదు.

ఆమె 2000లో చనిపోయింది. 2014లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల జాబితాలో చేర్చారు. అది న్యాయమే.

అప్పుడు ముఖం చూసి బుర్ర లేదనుకున్నారు. ఇప్పుడు అదే ముఖం చూసి వై-ఫైకి తల్లిని చేస్తున్నారు. రెండూ వోచర్ లేని బిల్లులే. పురాణాల్లో విమానాలకి ఆధారం అడిగే మనం, మనకి నచ్చిన కథనీ అడగొద్దా? కుర్రాడికి ఇదే చెప్పాను. ఆమె చేసిన పని ఆమెకి చాలు, పైన మనం కలిపేదేమీ అక్కర్లేదు.