అవిచ్ఛిన్న భిన్నములు: రామానుజుని పలకనుండి గణనయంత్రము వఱకు

బందరనగానే కలంకారి అద్దకములును, పాతరేవును మనకు జ్ఞప్తికి వచ్చును. గణితచరిత్రమునందును ఆ యూరికొక స్థానము గలదు. శ్రీనివాస రామానుజన్ కీర్తిశేషుడైన 1920వ సంవత్సరమందే, నవంబరు 21వ తేదీని, కొమరవోలు చంద్రశేఖరన్ మచిలీపట్టణమున జన్మించెను. ఆయన బొంబాయి టాటా పరిశోధన సంస్థలో గణితశాఖకు అధిపతియై యున్న కాలముననే, 1957లో, ఆ సంస్థ రామానుజుని నోటుపుస్తకములను, చేవ్రాత చేవ్రాతగనే, రెండు సంపుటములుగ వెలువరించినది.

ఆ పుటలలో ఫలితములు వేలకొలది గలవు. నిరూపణములు మాత్రము అరుదు. కాగితము ప్రియమగుటచే రామానుజన్ పలకమీద లెక్కచేసి, తుది ఫలితమును మాత్రమే వ్రాసికొనుచుండెను. వానిలో అవిచ్ఛిన్న భిన్నములు మిక్కిలి మనోహరములు. హారములో మఱియొక భిన్నము, దాని హారములో ఇంకొకటి, ఇట్లు అంతులేక సాగునదే అవిచ్ఛిన్న భిన్నము. అమెరికా పండితుడు బ్రూస్ బెర్న్‌ట్ ఆ ఫలితముల నొక్కొక్కటిగ పరిశీలించి, 1985 మొదలు 1998 వఱకు ఐదు సంపుటములు ప్రకటించెను.

ఇట్టి భిన్నములను కంప్యూటరుచేత వెదకించు పద్ధతిని ఇజ్రాయేలు దేశమున హైఫాలోని టెక్నియన్ పరిశోధకులు 2021లో 'నేచర్' పత్రికయందు ప్రకటించి, దానికి 'రామానుజన్ యంత్ర'మని పేరిడిరి. యంత్రము చేయునది మోటుపని. అసంఖ్యాకముగ భిన్నములను కూర్చి, వాని విలువలను కొన్ని దశాంశస్థానములవఱకు గట్టి, ప్రసిద్ధసంఖ్యలతో కట్టిన పట్టికలో అవి కనబడునేమో యని సరిచూచును. కనబడినచో మఱిన్ని దశాంశములు గట్టి పరీక్షించును. రామానుజుని పేరు దీనికి కొంచెము పెద్దదే యని నాకు దోచును. ఎచ్చట వెదకవలెనో ఆయన యెఱుగును. యంత్రము అంతటను వెదకును.

శ్రోతలు పెన్సిలు తీసికొన్నచో నిదిగో దాని ఫల మొకటి. 4నుండి ఒక భిన్నమును తీసివేయుడు. దాని లవము 1. హారము, 5నుండి మఱియొక భిన్నమును తీసివేయగా వచ్చునది. ఈ రెండవదానికి లవము 2. హారము, 6నుండి మూడవదానిని తీసివేయగా వచ్చునది. ఇట్లే సాగింపుడు. వరుసగ 4, 3.8, 3.7857, 3.7845 వచ్చును. సహజ సంవర్గమానములకు ఆధారమగు 'ఇ' అను సంఖ్య 2.71828. దానిని, దానినుండి 2 తీసివేయగా మిగిలినదానితో భాగింపుడు. 3.78442 వచ్చును. భిన్నము చేరునది అచ్చటికే.

వేయి దశాంశములు కలిసినను అది నమ్మకమే. వేయిన్నొకటవది చూచినవా రెవరు? నిరూపణమునకు దారి వేఱు. పై మెట్లలోని హారములు 1, 5, 28, 181. ఆఱు అయిదులు ముప్పదినుండి రెండొకట్లు రెండు తీసిన 28. ఏడు ఇరువది యెనిమిదులు 196నుండి మూడు అయిదులు 15 తీసిన 181. లవములగు 4, 19, 106, 685లకును ఇదే నియమము. ఇది ఎన్నవ మెట్టుకైనను చెల్లును గనుక, దీనిని పట్టుకొనియే గణితజ్ఞుడు అంతులేని దానికి అంతు తేల్చును. యంత్రము చూపినవానిలో కొన్నింటిని పండితులు త్వరలోనే నిరూపించిరి. కొన్ని పూర్వమే ఎఱిగినవని తేలెను. తక్కినవి ఊహలుగనే ప్రకటితములైనవి.

1965లో జూరిక్ నగరమునకు తరలిన చంద్రశేఖరన్ 2017లో అచ్చటనే పరమపదించెను.