రామప్ప గుడీ, రిపోర్టుల లైసెన్సూ

పాలంపేట గుడిని కట్టించింది కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. 1213 నాటి శాసనం ఆ మాటే చెప్తుంది. లోపలున్న దేవుడు రుద్రేశ్వరుడు. జనానికి మాత్రం అది రామప్ప గుడే, శిల్పి పేరే నిలిచిందంటారు. 2021 నాటి యునెస్కో జాబితాలో రెండు పేర్లూ ఉన్నాయి.

మన సాఫ్ట్‌వేర్లో ఇది తిరగబడింది. ఎవరో చేసిన రిపోర్టింగ్ ఇంజన్ని మన అప్లికేషన్లో పెట్టి, మన లోగో తగిలించి అమ్ముతాం. దీనికే ఓఈఎం లైసెన్సని పేరు. 1993లో విజువల్ బేసిక్ 3తో పాటే క్రిస్టల్ రిపోర్ట్స్ వచ్చింది. డబ్బాలో వచ్చింది కదా, ఇంకేం కొనాలి అనుకోవడం తేలికే. కానీ వాడుకోవడం వేరు, కస్టమరుకి పంచడం వేరు. పైగా ఆ క్రిస్టల్ 2003లో బిజినెస్ ఆబ్జెక్ట్స్ చేతికీ, 2008లో ఎస్ఏపీ చేతికీ వెళ్ళింది. యజమాని మారితే మన ఒప్పందం ఏమవుతుందో సంతకానికి ముందే చూసుకోవాలి.

2001లో వచ్చిన జాస్పర్ రిపోర్ట్స్ ఎల్జీపీఎల్ దారి పట్టింది. మన కోడు మనదే, లైబ్రరీని మార్చి పంచితే మాత్రం ఆ మార్పుల్ని బయటపెట్టాలి.

డబ్బిచ్చి కొనేదైతే లెక్క దేనిమీద? యూజర్ల మీదైతే, పదిమంది పదివేలయిన రోజున లాభం అంతా అటే పోతుంది. మన పాతకాలపు దశబంధం గుర్తుందా? చెరువు తవ్వించినవాడికి, దాన్ని బాగుచేసినవాడికి దాని కింద పొలంలో వాటా. నీళ్ళు పారితేనే పంట, పంటుంటేనే వాటాకి విలువ. అమ్మకాల్లో వాటా అడిగే లైసెన్సు నాకు అందుకే నచ్చుతుంది. మీరేమంటారు?