యానాం పక్కనే మాయమైన రేవు

యానాం ట్రిప్ అంటే మనవాళ్ళ ప్లాన్ ఒకటే: సాయంత్రం గౌతమి ఒడ్డు, నాలుగు ఫోటోలు, రిటర్న్. ఈసారి పొద్దున్నే లేచి కాకినాడ రోడ్డెక్కండి. కాసేపట్లో కోరంగి వస్తుంది. 1978లో ప్రకటించిన అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లు. మడ అడవి మధ్యలో చెక్కల వంతెన మీద నడవచ్చు, బోటెక్కి పాయలో తిరగొచ్చు.

కానీ రెండొందల ఏళ్ళ కిందట ఇక్కడికి ఎవరూ పిట్టల్ని చూడ్డానికి రాలేదండి. ఓడల కోసం వచ్చారు. 1723లో ఫ్రెంచివాళ్ళు యానాంలో వ్యాపారం పెట్టే రోజులకి ఈ తీరమంతా రేవులే. కోరంగిలో ఓడలు కట్టేవారు, పాడైతే బాగుచేసేవారు. బర్మాలో మన తెలుగువాళ్ళని ఏమని పిలిచేవారో తెలుసా? కోరంగీలు! తర్వాత జనం కాకినాడలో ఓడెక్కినా ఆ పేరు పోలేదు.

మరి ఆ రేవేది?

1789 డిసెంబర్. తుఫాను. ఒకటి కాదు, వరసగా మూడు ఉప్పెన కెరటాలు. మొదటిదానికే లంగరేసిన ఓడలు ఒడ్డుకొచ్చి పడ్డాయి. తర్వాతి రెండూ ఊరిని ఊడ్చేశాయి. దాదాపు 20,000 మంది పోయారని లెక్క. మళ్ళీ లేచింది కోరంగి. 1839 నవంబర్ 25న ఇంకో ఉప్పెన. ఈసారి చనిపోయింది మూడు లక్షలని చాలా వీడియోల్లో చెప్తారు. నాకు ఆ అంకె మీద నమ్మకం కుదర్లేదు, అందుకే వాడను. రేవు మాత్రం ఇక కోలుకోలేదు. ఈ ఉప్పెనల్ని కూడా చదివిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన 1848లో ఒక పుస్తకం రాశాడు. మనం రోజూ న్యూస్‌లో వినే ‘సైక్లోన్’ అనే మాట ఆయన పెట్టిందే.

తప్పంతా తుఫానుదే కాదు. గోదారి ఏటా తెచ్చిపోసే ఒండ్రు కూడా రేవుని పూడ్చేసింది. పెద్ద ఓడలకి లోతు చాలక వ్యాపారం కాకినాడకి జరిగిపోయింది.

నాకు బాగా నచ్చింది ఇక్కడే. ఓడల్ని ఆపేసిన ఆ ఒండ్రే మడ చెట్లకి నేలయింది. సముద్రంలో హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ కూడా దానితోనే పుట్టింది. ఇవాళ కాకినాడకి అలల దెబ్బ తగ్గిస్తున్నది ఆ దిబ్బే. చలికాలం చివర్లో రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టేదీ ఈ ఇసుకలోనే.

వెళ్తే నీళ్ళు వెనక్కి తగ్గే టైమ్ చూసుకోండి, మన జాలర్లు ‘పాటు’ అంటారు. బురద బయటపడుతుంది, మడ చెట్ల ఊపిరి వేళ్ళు పైకి కనిపిస్తాయి, ఎండ్రకాయల కోసం కొంగలు దిగుతాయి. లక్కుంటే నీటికుక్కలు. నీటిపిల్లి కూడా ఉంది గానీ, అది రాత్రి జీవి, పగలు దాని అడుగులే దొరుకుతాయి. మాట్లాడకుండా ఓ పది నిమిషాలు నిలబడండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, ప్లీజ్!