కట్టువడిన సరకు

పేదదేశములయందు పరిశ్రమలు తలయెత్తకపోవుటకు మూలధనము లేమియు, జనులకు సాహసము లేమియు కారణములని తరచుగా వినుచుందుము. భారతీయ నౌకావాణిజ్య చరిత్ర ఈ మాటను సమర్థింపదు. ఇచట ధనము సమకూడెను, సాహసికులును ముందునకు వచ్చిరి; సరకు మాత్రము ఓడ యెక్కలేదు.

1906లో వి. ఓ. చిదంబరం పిళ్ళైగారు తూత్తుకుడిలో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించి, వాటాధనము సేకరించి, కొలంబోకు ఓడలు నడిపిరి. పోటీదారైన ఆంగ్ల కంపెనీ ప్రయాణపు రుసుమును మిక్కిలి తగ్గించెను. 1908లో రాజద్రోహనేరముపై పిళ్ళైగారు కారాగారము పాలయిరి. 1912లో వారు విడుదలయగునప్పటికి కంపెనీ లేదు.

1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ మున్నగువారు బొంబాయిలో సింధియా కంపెనీని నెలకొల్పిరి. గ్వాలియరు మహారాజువద్ద కొనిన ‘లాయల్టీ’ అను ఓడ ఆ యేటి ఏప్రిల్ 5న లండనునకు బయలుదేరెను. దానికి ఎదురైన పోటీ తీరు గమనింపదగినది. పాత కంపెనీలు వర్తకునివద్ద పూర్తి కిరాయి గైకొని, అందు కొంత తమవద్ద నిలుపుకొనెడివి. నిర్ణీతకాలమున అతడు వేరొకరి ఓడలో సరకు ఎక్కింపకున్నచో ఆ సొమ్ము తిరిగి దక్కును; ఎక్కించినచో పోవును. స్వదేశాభిమానము గల వర్తకుడైనను చేతిసొమ్ము వదలుకొని క్రొత్త ఓడను నమ్ముట ఎట్లు? దీనికితోడు కిరాయిల తగ్గింపు. పెక్కు మార్గములును, ప్రభుత్వపు తపాలా ఒప్పందములును గల కంపెనీ ఒకచోటి నష్టమును వేరొకచోట పూడ్చుకొనగలదు. క్రొత్త కంపెనీకి ఆ వెసులుబాటు లేదు.

1923లో సింధియావారు పదియేండ్ల ఒడంబడికకు లోబడిరి. తీరవర్తకమునకే పరిమితమగుటకును, ఓడల పరిమాణమును మితము దాటనీయకుండుటకును సమ్మతించిరి. ఇది పిరికితనమని నిందించుట సులభము. కాని ఎదిరించిన కంపెనీ నశించుటను వారెరుగుదురు, లోబడినది బ్రతికెను. తీరవర్తకమును భారతీయ నౌకలకే ప్రత్యేకింపవలెనని ఎస్. ఎన్. హాజీగారు 1928లో కేంద్ర శాసనసభయందు ప్రవేశపెట్టిన బిల్లు చట్టము కాలేదు.

అట్లు బ్రతికిన కంపెనీయే మన విశాఖపట్టణమున నౌకానిర్మాణమునకు పూనుకొనెను. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. మరుసటి ఏప్రిలులో పట్టణముపై జపాను బాంబులు పడెను, పని చెదరెను. ఎట్టకేలకు 1948 మార్చి 14న నెహ్రూగారు ‘జల ఉష’ను జలప్రవేశము చేయించిరి. ఓడల నిర్మాణము ప్రైవేటు ధనమునకు మోయరాని భారము కాగా, 1952లో ప్రభుత్వము అధికభాగపు వాటాలను తీసికొనెను. 1919లో కోరియు పొందలేని ప్రభుత్వపు అండ లభించుసరికి, ఆ సంస్థపై పెత్తనము స్థాపకుల చేయి దాటెను.

సాహసము లేదని ఒక జాతిని నిందింపబోవువారు, ముందు ఆ జాతి సరకును కట్టివేసినదెవరో విచారింపవలెను.