ఇంట్లో వై-ఫై ఆగిందా? లోపం రూటరుదా, తీగదా?

మాదాపూర్: 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి నగరంలో ఇంటి అంతర్జాలం అంటే టెలిఫోన్ తీగ మీద కీచుమంటూ వచ్చే డయలప్ సౌకర్యమే. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్నే గొప్పగా భావించింది. 2023లో ఆ కనీస పరిమితి 2 మెగాబిట్లకు పెరిగింది. 2020లో కరోనా మూలంగా కార్యాలయమే ఇంటికి తరలి వచ్చిన తరువాత, కొండాపూర్, గచ్చిబౌలి అద్దె ఇళ్లలో గోడకు వేలాడే రూటర్ మొరాయిస్తే ఉద్యోగి హాజరుకే ఎసరు వస్తోంది.

సేవాకేంద్రానికి ఫోన్ చేస్తే ముందుగా వినిపించే మాట ‘ఒకసారి రూటర్ ఆపి మళ్లీ వేయండి’ అని. విసుగు పుట్టించినా ఈ సలహా వ్యర్థమైనది కాదు. రోజుల తరబడి ఆపకుండా నడిచే రూటర్ జ్ఞాపకశక్తి నిండి తడబడుతుంది, ఆపి వేస్తే అది ఖాళీ అవుతుంది. అయితే ప్రతిరోజూ ఇదే చేయవలసి వస్తుంటే లోపం మరెక్కడో ఉన్నట్లు భావించాలి. వెనుకనున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయడం మాత్రం వేరు. దానితో కంపెనీ అమర్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోయే అవకాశం ఉంది. అవి రాసిపెట్టుకోనివారు టెక్నీషియన్ వచ్చేదాకా ఖాళీగా కూర్చోవలసిందే.

ఫోన్ చేయడానికి ముందే లోపం ఎక్కడుందో వినియోగదారుడే తేల్చుకోవచ్చు. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో పెట్టె మీద ‘లాస్’ అని రాసిన చోట ఎర్రదీపం వెలిగితే వెలుగు తీగ ద్వారా సంకేతం రావడం లేదని అర్థం. అప్పుడు రూటరును ఎన్నిసార్లు ఆపి వేసినా ఫలితం ఉండదు. తీగ తెగిందో, మెలిక పడి వంగిందో లైన్‌మన్ వచ్చి చూడాలి. ఎర్రదీపం లేకుంటే ల్యాన్ వైరుతో కంప్యూటరును రూటరుకు నేరుగా కలిపి వేగం పరీక్షించాలి. వైరు మీద వేగం సరిగా ఉండి వై-ఫైలో మాత్రమే తగ్గితే లోపం ఇంట్లోనే ఉన్నట్లు. రెండింటిలోనూ తగ్గితే కంపెనీ జవాబు చెప్పాలి. ఒక మినహాయింపు ఉంది. పాత రూటర్లలో చాలావాటి ల్యాన్ పోర్టు వేగం 100 మెగాబిట్లు మించదు. 300 మెగాబిట్ల ప్లానుకు డబ్బు కట్టినా అక్కడ 100 కంటే ఎక్కువ కనిపించదు.

తీగల సంగతి 2025 ఆగస్టులో నగరమంతా చూసింది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు మరణించిన తరువాత స్తంభాలపై వేలాడుతున్న కేబుళ్లను విద్యుత్ సిబ్బంది తొలగించారు. పలు ప్రాంతాల్లో ఇంటర్నెట్ నిలిచిపోయింది. ఆ రోజుల్లో రూటరును నిందించినవారు లేకపోలేదు.

ఇక ఇంటిలోపలి లోపాల విషయానికి వస్తే, ఒకే అంతస్తులో నాలుగు ఫ్లాట్లుంటే నాలుగు రూటర్లుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగంలో 1, 6, 11 చానెళ్లే ఒకదానిపై ఒకటి పడవు. అందరూ ఒకే చానెల్‌పై ఉంటే సంతలో అరుపుల్లా సంకేతాలు కలగాపులగమవుతాయి. 5 గిగాహెర్ట్జ్‌లో ఈ రద్దీ తక్కువ, కానీ గోడలు దాటే శక్తీ తక్కువే. ఇనుప బీరువా వెనుక రూటర్ పెట్టి పడకగదిలో సిగ్నల్ లేదనడం న్యాయం కాదు.

ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ సంఖ్య అడిగి రాసుకోవడమే అతి ముఖ్యమైన పని. ఈ విలేకరి బంధువొకరు కొండాపూర్‌లో తొమ్మిది రోజులపాటు నెట్ లేక ఒక కంపెనీకి నాలుగుసార్లు ఫోన్ చేశారు. ఒక్క సంఖ్యా రాసుకోలేదు. ఐదోసారి ‘మీ పేరున ఫిర్యాదే లేదు’ అన్నారట. ట్రాయ్ 2012లో జారీ చేసిన నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ ఆ సంఖ్య ఇవ్వాలి. పరిష్కారం కాకుంటే, గడువు ముగిసిన 30 రోజుల్లోగా కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి రుసుము లేకుండా అప్పీలు చేసుకోవచ్చు. దానిని 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులను స్వయంగా విచారించదు కనుక నేరుగా అక్కడికి రాయడం వల్ల ప్రయోజనం తక్కువ.

అప్పటికీ న్యాయం జరగకుంటే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. టెలికాం తగాదాలపై వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. అక్కడికి వెళ్లేవారు డాకెట్ సంఖ్యలు, తేదీలు, బిల్లులు, వేగ పరీక్ష చిత్రాలు వెంట తీసుకువెళ్లాలి.