మైలేజీ మందులు

2005 సెప్టెంబరు. కత్రినా తుఫాను దెబ్బకి అమెరికాలో పెట్రోలు గ్యాలను 3 డాలర్లు దాటింది. అప్పట్లో నేను ఆఫీసుకి రానూపోనూ 70 మైళ్ళు నడిపేవాణ్ణి. లంచ్‌లో మా తెలుగు బ్యాచ్‌కి ఒకటే టాపిక్: పెట్రోల్లో అసిటోన్ కలపడం. అదేనండీ, గోళ్ళరంగు తుడిచే సాల్వెంటు. పది గ్యాలన్లకి రెండు మూడు ఔన్సులు పోస్తే చాలు, పెట్రోలు "పూర్తిగా" మండి మైలేజీ ఇరవై ముప్పై శాతం పెరుగుతుందని ప్రచారం.

నేనూ పోశాను. ఎక్సెల్ షీటు కూడా పెట్టాను. మొదటి రెండు ట్యాంకులకీ గ్యాలనుకి 2 మైళ్ళు ఎక్కువొచ్చింది! ఊరుకుంటానా, షీటు అందరికీ చూపించాను. అది చూసి మా టీమ్‌లో పెద్దాయన ఒకరు తన పాత కార్లో పోయడం మొదలెట్టారు. ఆయన సంగతి చివర్లో చెప్తాను.

అసలు పెట్రోల్లో ఏదో కలిపి మైలేజీ పెంచాలన్న ఆశ చాలా పాతది. ఒక్కసారి అది నిజంగానే పనిచేసింది కూడా. 1920 ప్రాంతంలో ఇంజన్లకి పెద్ద జబ్బు నాకింగ్. ఇంజన్లో పెట్రోలు-గాలి మిశ్రమాన్ని గట్టిగా నొక్కితే శక్తి ఎక్కువొస్తుంది. కానీ మరీ నొక్కితే, స్పార్క్‌తో మొదలైన మంట పాకేలోపే మిగతా మిశ్రమం దానంతటదే పేలిపోయి టకటకమంటుంది. జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్‌గ్లీ రకరకాల పదార్థాలు కలిపి చూసి, 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ లెడ్ దగ్గర ఆగాడు. చిటికెడు సీసంతో నాకింగ్ మాయం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సీసం పెట్రోల్లో కొత్త శక్తేమీ నింపలేదు. ఇంజన్లు ఇంకా గట్టిగా నొక్కేలా కట్టుకోవచ్చని అనుమతి ఇచ్చిందంతే. లాభం వచ్చింది మారిన ఇంజను డిజైనులోంచి. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందని వాళ్ళకి అప్పటికే తెలుసు, అయినా సీసాన్నే అమ్మారు. 1924లో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ విషం తగిలి అయిదుగురు కార్మికులు చనిపోయారు. తర్వాత కొన్ని తరాల పిల్లల రక్తంలోకి సీసం చేరింది. మన దేశంలో అది 2000లో ఆగింది. ప్రపంచంలో ఆఖరిగా అల్జీరియా 2021లో ఆపింది.

ఇక మన పక్క రాష్ట్రం కథ. 1996లో తమిళనాడుకి చెందిన రామర్ పిళ్ళై మూలికలతో నీళ్ళని పెట్రోలు చేస్తానన్నాడు. నేనప్పుడు ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నాను. థర్మోడైనమిక్స్ చదువుతున్న మేమే సగంమందిమి నమ్మేశాం! ఐఐటీ మద్రాసులో పరీక్ష పెడితే, కలిపే కడ్డీ బోలుగా ఉందనీ, పెట్రోలు దాన్లోంచే వస్తోందనీ బయటపడింది. అయినా తర్వాత మూలికా పెట్రోలు పేరుతో అమ్మాడు. అందులో ఉన్నవి టోలుయీన్, నాఫ్తా లాంటి సాల్వెంట్లేనని సీబీఐ కేసు పెట్టింది. 2016లో చెన్నై కోర్టు మూడేళ్ళ జైలుశిక్ష వేసింది.

మరి అసిటోన్? మన వాళ్ళకి ఆమ్డాల్ లా తెలిసిందే కదా. ప్రోగ్రాం రన్నయ్యే టైములో 2 శాతం తినే ఫంక్షన్ని ఎంత ఆప్టిమైజ్ చేసినా 2 శాతం మించి లాభం రాదు. వేడెక్కిన ఇంజన్లో పెట్రోలు దాదాపు 98 శాతం ఎలాగూ మండిపోతోంది. చక్రాల దాకా చేరే శక్తి పావువంతు, అటూ ఇటుగా. మిగతాది ఎక్కువగా సైలెన్సర్లోంచి, రేడియేటర్లోంచి వేడిగా పోతోంది. అంటే "పూర్తిగా మండించే" మందు అసలు బగ్ లేని చోట ప్యాచ్ వేస్తోందన్నమాట. పైగా బరువుకి బరువు చూస్తే అసిటోన్లో ఉన్న శక్తి పెట్రోల్లో సుమారు మూడింట రెండొంతులే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటి మందులూ, పరికరాలూ వందకి పైగా పరిశీలించింది. చెప్పుకోదగ్గంత మైలేజీ పెంచింది ఒక్కటీ దొరకలేదు.

మరి నా 2 మైళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి? మూడో నెల అసిటోన్ ఆపేసి, షీటు మాత్రం కొనసాగించాను. అదే మైలేజీ! లెక్క రాస్తున్నానన్న ధ్యాసలో నేనే నెమ్మదిగా నడుపుతున్నాను. మార్చింది రెండు, క్రెడిట్ ఇచ్చింది ఒకదానికి.

పెద్దాయన దగ్గరికొద్దాం. ఒకరోజు వాళ్ళ గ్యారేజీ అంతా పెట్రోలు వాసన. రబ్బరు హోసు ఉబ్బి, మెత్తబడి కారుతోందన్నాడు మెకానిక్. అసిటోన్‌కి కొన్ని రకాల రబ్బర్లని ఉబ్బించే గుణం ఉంది. కారు పాతది కాబట్టి దానివల్లే అని నేను రుజువు చెయ్యలేను. కానీ ఆ గ్యారేజీలోనే ఆయన మనవరాలు సైకిల్ తొక్కుతుంది. ఆయన నన్నొక్క మాటా అనలేదు. "నీ షీటు చూసే పోశాను బాబూ" అన్నారు, అంతే.

ఆ షీటు ఇప్పటికీ నా దగ్గరుంది. ఎవరికైనా అంకెలు పంపబోయేముందు ఒకసారి తెరిచి చూసుకుంటాను.