తీసిన చిత్రం, తీయించుకున్న చిత్రం: ఓరుగల్లు సీమలో స్త్రీ ఛాయాచిత్రం

తెలుగులో ఛాయాచిత్రానికి సంబంధించి మూడు క్రియలు వాడుకలో ఉన్నాయి. కెమెరా పట్టినవారు ఫొటో తీస్తారు, దాని ఎదుట నిలిచినవారు ఫొటో దిగుతారు, తమకు నచ్చిన మనిషిని పిలిచి తమ కోసం పని చేయించుకున్నవారు ఫొటో తీయించుకుంటారు. స్త్రీల ఛాయాచిత్రాల చరిత్రను ఈ మూడు క్రియల మధ్య సాగిన ప్రయాణంగా చూడవచ్చు. ఎందుకంటే స్త్రీ రూపం కెమెరాకు చిక్కిన తొలి రోజులకూ, తన చిత్రం ఎవరు తీయాలో, ఎక్కడ తీయాలో, ఎవరు చూడాలో ఆమే నిర్ణయించుకోగలిగిన రోజులకూ మధ్య చాలా కాలం గడిచింది. పూర్వపు వరంగల్ జిల్లాలో భాగాలై ఉండి 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలుగా ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ప్రాంతాల గతంలో ఈ మూడు దశల జాడలూ కనిపిస్తాయి.

నేడు పట్టణాల్లో ప్రచారంలోకి వస్తున్న ‘బుడ్వార్ ఫొటోగ్రఫీ’ ఈ ప్రయాణంలో తాజా మజిలీ. స్త్రీ తన ఆంతరంగిక రూపాన్ని, సాధారణంగా తన కోసమో జీవిత భాగస్వామి కోసమో, నమ్మకమైన ఛాయాగ్రాహకుల చేత ఏకాంతంగా చిత్రింపజేసుకోవడాన్ని ఆ పేరుతో పిలుస్తున్నారు. బుడ్వార్ అన్నది ఫ్రెంచి మాట. 18వ శతాబ్దంలో సంపన్న గృహాల స్త్రీకి ప్రత్యేకించిన లోపలి గదికి అది పేరు కాగా, దాని మూలధాతువుకు అలగడం అని అర్థం. రామాయణంలో కైకేయి ప్రవేశించిన కోపగృహం తెలిసిన తెలుగు పాఠకులకు ఈ మాట అంత పరాయిదిగా తోచదు. అనుమతి లేనిదే మరొకరు అడుగు పెట్టకూడని చోటు అన్న భావం ఆ రెండు మాటల్లోనూ ఉంది. అలాంటి చోటికి కెమెరాను ఎవరి చేతిలో పెట్టి పిలవాలి అన్న ప్రశ్న కొత్తదిగా కనిపించినా, ఈ ప్రాంతాలు అప్పట్లో భాగమైన నిజాం రాజ్యంలో దానికి 130 ఏళ్ల కిందటే ఒక జవాబు దొరికింది.

పేరు లేని రూపాలు

స్త్రీ రూపాన్ని చూసి ఆనందించే కళ ఈ నేలకు కెమెరాతో వచ్చింది కాదు. భూపాలపల్లి జిల్లా గణపురంలోని కోటగుళ్లలోనూ, 2019 వరకు ఇదే జిల్లాలో ఉండి ఇప్పుడు ములుగు జిల్లాకు చెందిన పాలంపేట రామప్ప గుడిలోనూ కాకతీయుల కాలపు మదనికలు, అంటే చూరు కింద ఏటవాలుగా నిలిపిన స్త్రీ శిల్పాలు, నేటికీ ఉన్నాయి. రామప్ప మదనికల్లో ఒకామె కాలికి ఎత్తు మడమల పాదరక్ష ఉండటాన్ని సందర్శకులందరికీ చూపిస్తుంటారు. నల్లరాతిలో హారపు పూసలను విడివిడిగా మలిచిన ఆ శిల్పులు కొలువులోని ఏ నర్తకిని, ఊళ్లోని ఏ యువతిని మనసులో పెట్టుకుని ఉలి పట్టారో ఎక్కడా చెక్కలేదు. శిల్పానికి ఆదర్శ రూపం చాలు గనుక పేరు అక్కర లేకపోయింది. కెమెరా మాత్రం ప్రతిసారీ ఒక నిజమైన మనిషినే చూస్తుంది కాబట్టి, అక్కడ పేరు లేకపోవడానికి వేరే అర్థం వస్తుంది.

వలస పాలనా కాలంలో ఆ అర్థం స్పష్టపడింది. 1868–1875 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ దేశ ప్రజలను కులాలుగా, తెగలుగా విభజించి చూపేందుకు ఛాయాచిత్రాన్ని సాధనంగా వాడుకుంది. నిజాం రాజ్యంలోని కులాలు, తెగలపై సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో ప్రచురించిన గ్రంథమూ అదే దారిలో నడిచింది. ఇటువంటి గ్రంథాల్లో మనిషిని జాతికి నమూనాగా నిలబెట్టడమే ముఖ్యం కనుక, బొమ్మ కింద వ్యక్తి పేరు ఉండవలసిన చోట కులం పేరో తెగ పేరో ఉంటుంది. మానుకోట అని స్థానికులు పిలుచుకునే మహబూబాబాద్ ప్రాంతపు తండాల్లోని లంబాడీ స్త్రీలు ఈ రకమైన చూపుకు ఎక్కువగా గురయ్యారు. అద్దాలు కుట్టిన కాంచళి (రవిక), ఫేటియా (పావడా), మోచేతి పైదాకా తొడిగిన తెల్లని గాజులు కెమెరా పట్టినవారిని ఆకర్షించాయి. ఆ అద్దాల కుట్టుకు పట్టిన నెలల శ్రమను గానీ, ఆ స్త్రీ సమ్మతిని గానీ, చిత్రం ప్రతి ఒకటి ఆమెకు చేరాలన్న ఆలోచనను గానీ చాలామంది పట్టించుకోలేదు. అది పూర్తిగా తీసిన ఫొటో. నేటికీ జాతరల్లో, సంతల్లో అడగకుండానే ఆదివాసీ, లంబాడీ స్త్రీల ముఖాల మీదికి కెమెరా ఎత్తి, ఆ చిత్రాలను పేరు లేకుండా పత్రికల్లోనూ క్యాలెండర్లలోనూ అచ్చువేసే అలవాటు అప్పటి దోషానికి కొనసాగింపే.

గోడల మధ్య వెలిసిన జనానా స్టూడియో

అదే కాలంలో, అదే రాజ్యంలో, మరొక వర్గపు స్త్రీల విషయంలో ఛాయాచిత్రకళ ఎంతో జాగ్రత్తగా మెలగింది. మీరట్ సమీపంలోని సర్ధానాలో 1844లో జన్మించి, రూర్కీలో ఇంజినీరింగు విద్య అభ్యసించి, ఇందోరులో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టిన లాలా దీన్‌దయాళ్ 1880ల మధ్యలో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. నిజాం ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ అన్న బిరుదునిచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఆ ప్రభువుకు ఇష్టుడైనప్పటికీ దీన్‌దయాళ్ దాటలేని గడప ఒకటుండేది. నవాబుల, జాగీర్దార్ల ఇళ్లలోని స్త్రీలు ఘోషా పాటించేవారు, అంటే పరపురుషుల కంటపడకుండా జనానాలోనే, అంటే ఇంటిలోని స్త్రీల భాగంలోనే ఉండేవారు. వారికీ తమ చిత్రం ఉండాలన్న కోరిక ఉన్నా, మగవాడు నల్లగుడ్డ కింద తల దూర్చి కటకంలోంచి చూడటాన్ని కుటుంబ మర్యాద ఒప్పుకునేది కాదు.

దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీలకోసమే జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యతను కెన్నీ లెవిక్ అనే ఐరోపా మహిళకు అప్పగించడం ఈ చిక్కుకు పరిష్కారమైంది. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల స్త్రీలు మాత్రమే, కెమెరా వెనుకా స్త్రీయే. దేశంలో ఇలాంటి ప్రయత్నాలు మరికొన్ని జరిగాయి. కలకత్తాలో 19వ శతాబ్దపు చివరి ఏళ్లలో సరోజినీ ఘోష్ మహిళల కోసం స్టూడియో నడిపారు, ఆ తరువాతి తరంలో అన్నపూర్ణా దత్తా ఇళ్లకు వెళ్లి స్త్రీల చిత్రాలు తీసి జీవిక సాగించారు. జైపూర్‌లో మహారాజా రెండో సవాయి రామ్‌సింగ్ స్వయంగా కెమెరా పట్టి తన జనానా స్త్రీల చిత్రాలు తీశారు గానీ, అక్కడ తీసేవాడూ ప్రభువే, చిత్రానికి యజమానీ ప్రభువే. హైదరాబాదు స్టూడియోలో ఆ స్థానాన్ని వృత్తి ధర్మం ఆక్రమించింది. వచ్చిన స్త్రీకి ఏది ఇబ్బందో ముందే ఆలోచించి, ఆ ఇబ్బందిని తొలగించేలా స్థలాన్నీ మనిషినీ ఏర్పాటు చేయడం ఆ వృత్తి ధర్మంలోని సారం.

ఇక్కడ ఒక పోలిక గమనించదగినది. జనానా స్త్రీ పేరు బయటికి రాకపోవడం ఆమెకు దక్కిన రక్షణ. తండా స్త్రీ పేరు బొమ్మ కింద లేకపోవడం ఆమెకు జరిగిన నిరాకరణ. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా, మొదటిది అడిగి పొందినది, రెండవది అడగకుండా లాక్కున్నది. పేరు ఉందా లేదా అన్నదానికన్నా, ఆ సంగతి నిర్ణయించినది ఎవరన్నదే ఛాయాచిత్రం మర్యాదను తేలుస్తుంది.

దీన్‌దయాళ్ కెమెరా ఓరుగల్లు సీమకూ వచ్చింది. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ ప్రభువు దంపతులు వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వేట విడిదిలో చంపిన పులితో నిలిచిన చిత్రం ఆయన స్టూడియో పేరుతో ప్రసిద్ధమైంది. నేటి మహబూబాబాద్ జిల్లా సరిహద్దుకు చేరువలో ఉన్న ఆ అడవి అంచున వైస్రాయి భార్య బహిరంగంగా ఫొటో దిగగా, అదే రాజ్యపు ఉన్నత కుటుంబాల స్త్రీలకు గోడల చాటు అవసరమైంది. ఒకే స్టూడియో ఇద్దరికీ వారి వారి పద్ధతిలో చిత్రాలు అందించింది.

రైలు దారి వెంట వచ్చిన స్టూడియోలు

సికింద్రాబాదు నుంచి వరంగల్ వైపు 1886లో వేసిన రైలు మార్గం జనగామ మీదుగా సాగి, ఆ తరువాత మహబూబాబాద్, డోర్నకల్ మీదుగా 1889 నాటికి బెజవాడ చేరింది. కాగితం, రసాయనాలు, గాజు పలకలు తెప్పించుకోవాల్సిన వృత్తి గనుక స్టూడియోకు రైలు స్టేషను అండ. రైలు లేని భూపాలపల్లికి ఈ సౌకర్యాలు ఆలస్యంగా అందాయి. 20వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో సింగరేణి గనులు మొదలై, నెల జీతాల కుటుంబాలు స్థిరపడిన తరువాతే అక్కడ పట్టణ జీవితం ఊపందుకుంది.

ఈ స్టూడియోల్లో ఆడపిల్ల అడుగుపెట్టే ప్రధాన సందర్భం పెళ్లి సంబంధం. వెనుక తోటనో మేడ మెట్లనో చిత్రించిన తెర, పక్కన ఎత్తు బల్ల మీద ప్లాస్టిక్ పూలకుండీ, జడ ముందుకు వేసుకుని నిలబడమని చెప్పే ఫొటోగ్రాఫరు, గడప దగ్గర అన్నో తండ్రో కాపలా: ఇవి ఆ చిత్రానికి స్థిరమైన సరంజామా. ఫొటోగ్రాఫరు ఆ తరువాత చీకటిగదిలో నెగెటివ్ కడిగి, సన్నని పెన్సిలు మొనతో దాని మీద ముఖపు మచ్చలున్న చోట్లను పూడ్చేవాడు. టచింగ్ అని పిలిచే ఈ పనిలో చామనఛాయ పిల్ల కాస్త తెల్లబడి బయటికి వచ్చేది. ఆమె ఫొటో దిగింది, కానీ తీయించుకున్నవారు పెద్దలు, చూసేవారు వరుడి తరఫువారు.

ఆ రోజుల్లోనూ కుటుంబాలు స్టూడియోను ఊరికే ఎంచుకోలేదు. సంబంధం కుదరకపోతే పెళ్లిళ్ల పేరయ్య దగ్గర నుంచి ఫొటోను తప్పక వెనక్కి తెప్పించుకునేవారు. అదనపు కాపీలు వేయవద్దని, కొట్టు ముందరి అద్దాల బీరువాలో పిల్ల బొమ్మ పెట్టవద్దని ముందే మాట తీసుకునేవారు. నెగెటివ్ మాత్రం స్టూడియో పెట్టెలోనే ఉండిపోయేది కనుక, ఆ వ్యాపారమంతా మనిషి మాట మీదే ఆధారపడి నడిచింది. ఛాయాగ్రాహకుడికి మంచి కెమెరా ఉందా అని అడిగే ముందు మంచి పేరుందా అని ఊళ్లో విచారించడంలోని వివేకం ఇదే. నెగెటివ్ ఎంతకాలం నిలుస్తుందో దీన్‌దయాళ్ స్టూడియోయే సాక్ష్యం. 1905లో ఆయన మరణించిన ఎనిమిది దశాబ్దాల తరువాత, 1989లో, ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన గాజు పలకల నెగెటివ్‌లను 2,857 దాకా సేకరించింది. మనిషి పోయినా పలక మిగులుతుంది.

మాట నుంచి చట్టానికి

డిజిటల్ కెమెరా వచ్చాక చీకటిగది పోయింది, నెగెటివ్ పెట్టె పోయింది, కాపీకి హద్దు పోయింది. ఒక్క వేలి స్పర్శతో చిత్రం వేలమందికి చేరే కాలంలో పాత నోటిమాట ఒక్కటే చాలదని గుర్తించి చట్టం కొంత అండ కల్పించింది. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు సొమ్ము చెల్లించి తీయించుకున్న ఫొటోకు, ఒప్పందంలో మరోలా లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారు. సమాచార సాంకేతిక చట్టానికి 2008లో జరిగిన సవరణతో వచ్చిన 66ఇ సెక్షన్, మనిషి ఆంతరంగిక దేహభాగాల చిత్రాన్ని సమ్మతి లేకుండా తీసినా, ప్రచురించినా, పంపినా మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయలకు మించని జరిమానా, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. 2013లో భారత శిక్షాస్మృతిలో చేరి, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్‌గా అమలవుతున్న నిబంధన మరింత సూక్ష్మమైనది: స్త్రీ తన ఆంతరంగిక చిత్రం తీయడానికి ఒప్పుకున్నా, దానిని ఇతరులకు పంచడానికి ఒప్పుకోనప్పుడు పంచితే అది నేరమే. తీయడానికి ఇచ్చిన సమ్మతి, చూపడానికి ఇచ్చిన సమ్మతి వేర్వేరని చట్టం గుర్తించడం పెళ్లి సంబంధపు ఫొటో వెనక్కి అడిగిన కుటుంబాల పట్టుదలకు ఆలస్యంగా దక్కిన ఆమోదం.

చట్టం నేరం జరిగాక పనికివస్తుంది, ఎంపిక నేరం జరగకుండా కాపాడుతుంది. అందుకే జనానా స్టూడియో నాటి ఏర్పాట్లు నేటి స్త్రీకీ కొలమానాలే. కెమెరా వెనుక ఎవరుంటారు, ఆ గదిలో ఇంకెవరుంటారు, తనతో నమ్మకస్తురాలిని తెచ్చుకోవచ్చా అన్నవి మొదట తేల్చుకోవలసినవి. చిత్రాల ఫైళ్లు ఎవరి దగ్గర, ఎన్నాళ్లుంటాయో, ప్రచారానికి వాడరన్న హామీ కాగితం మీద ఉందో లేదో చూసుకోవడం నెగెటివ్ పెట్టె నేర్పిన పాఠం. ఆ ఛాయాగ్రాహకులు, వారి ఖాతాదారుల అనుమతితో చూపే పూర్వపు పనిలో ప్రతి స్త్రీ తనలా కనిపిస్తోందా, లేక అందరినీ ఒకే భంగిమలో, ఒకే తెల్లదనంలో ముంచారా అన్నది టచింగ్ చరిత్ర తెలిసినవారు తప్పక గమనించేది. చామనఛాయను చామనఛాయగానే అందంగా చూపలేని చేతికి ఆంతరంగిక చిత్రం అప్పగించడం తగదు. మధ్యలో వద్దనిపిస్తే ఆపమని చెప్పగలిగే చనువు ఇవ్వని మనిషికి ఎంత పేరున్నా ఆ పనికి అర్హత లేదు.

1892లో ఘోషా కుటుంబాల స్త్రీలకు దొరికిన ఆ మర్యాద జనగామ బస్తీలోని ఉద్యోగినికీ, మానుకోట తండా యువతికీ, భూపాలపల్లి గని కార్మికుడి భార్యకూ సమానంగా దక్కవలసిందే. ఇష్టం లేనివారు కెమెరా ముందుకు రాకపోవడం ఎంత హక్కో, ఇష్టపడినవారు తమకు నచ్చినవారి చేత, తమ షరతుల మీద చిత్రం తీయించుకోవడం కూడా అంతే హక్కు. ఎవరి రూపమో వారి అనుమతి లేనిదే ఏ చిత్రమూ తీయరాదు, తీసినది చూపరాదు.